ఉప్పు కడిగిన కొబ్బరి పొట్టు

1982 జనవరిలో అమెరికా దక్షిణాదిన ఒక విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరాను. ప్రొఫెసర్‌కు కింద, టెక్నీషియన్లకు పైన ఉండే హోదా అది. నాకు అప్పగించిన పని గంజాయి మొక్కలు పెంచడం. కేన్సర్ మందులు వాడేవారికి వచ్చే వాంతులను ఆ మొక్కలోని ఏ రసాయనం తగ్గిస్తుందో తేల్చడానికి ఫెడరల్ ప్రభుత్వ అనుమతితో జరుగుతున్న పరిశోధన. గ్రీన్‌హౌస్‌కు రెండు తాళాలు ఉండేవి. చచ్చిన మొలకను పారేయాలన్నా ఇద్దరి సంతకాలు కావాలి.

మా చేతికి వచ్చినవి నూట ఇరవై విత్తనాలు. మత్తు తక్కువగా ఉండే పాత రకం. వాటిని పంపిన విదేశీ తోట అప్పటికే మూతపడింది కనుక మళ్ళీ దొరికే వీలు లేదు. మొదటి నలభైని అక్కడి అలవాటు ప్రకారం పీట్ మాస్ అనే ఎండు నాచు పొడిలో నాటాం. మొలకలు బాగానే వచ్చాయి. వారం తిరక్కుండానే కాడలు నేలకు ఆనుకునే చోట దారంలా సన్నబడి, ఒక్కొక్కటే పక్కకు వాలిపోయాయి. నారుకుళ్ళు తెగులు. మందు చల్లితే దాని అవశేషాలు రసాయన పరీక్షలో కనిపిస్తాయి కాబట్టి చల్లడానికి లేదు.

అప్పుడు కొబ్బరి పొట్టు వాడదామన్నది నేనే. కొబ్బరి పీచు తీశాక మిగిలే పొడి అది. తడిని పట్టి ఉంచుతూనే వేళ్ళకు గాలి ఆడనిస్తుంది. నేను పుట్టి పెరిగింది అమలాపురం దగ్గర. ఆ పొట్టు కుప్పల మీద ఆడుకున్నదాన్ని. అమెరికా నర్సరీల్లో అప్పట్లో దాని పేరు కూడా తెలియదు. కాళ్ళు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టాలు చేసే ఒక ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, వాళ్ళు పారేసే పొట్టు రెండు బస్తాలు తెప్పించాను. రెండో నలభై అందులో నాటాం. ఈసారి కుళ్ళు రాలేదు. కానీ తొలి ఆకుల అంచులు మాడి, ఎదుగుదల ఆగి, మూడు వారాల్లో అన్నీ పోయాయి.

ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆయన రఘుకు చెప్పాను. "సీడ్స్ అయిపోతే ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తారా? నీ వీసా రెన్యువల్ దాని మీదేగా ఉంది?" అన్నాడు. అవునన్నాను.

మా గ్రీన్‌హౌస్ టెక్నీషియన్ పేరు రూబీ. అరవైకి దగ్గరలో ఉన్న నల్లజాతి స్త్రీ. అందరం మిస్ రూబీ అనేవాళ్ళం. చిన్నప్పటి నుంచి పొగాకు నారుమళ్ళలో పనిచేసిన మనిషి. మర్నాడు ఆవిడ చచ్చిన మొలకల ట్రే కిందకు కారిన నీటిని వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

"డాక్టర్, ఇది ఉప్పగా ఉంది," అంది.

ఉప్పు కొలిచే మీటర్ పెట్టి చూశాను. ఆవిడ మాటే నిజం. పీచు తీసే కొబ్బరి డొక్కలను సముద్రపు ఉప్పునీరు నిలిచే కయ్యల్లో నానబెడతారని నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ వాసన పీల్చినదాన్నే. అయినా పొట్టును కడగాలని తోచలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఆవిడ మాత్రం ఒక్క మాట దెప్పలేదు. గొట్టం తెచ్చి బస్తా విప్పింది.

ఇద్దరం కలిసి పొట్టును మంచినీటితో ఐదుసార్లు కడిగాం. తర్వాత కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక పూట నానబెట్టాను. పొట్టు పట్టుకుని వదలని, ఉప్పులోని సోడియాన్ని కాల్షియం బయటికి తోసేస్తుంది. ఆ భాగం నా చదువు. తక్కినదంతా ఆవిడ చేతి పని. విత్తనాన్ని గోరు లోతున పెట్టడం, పైనుంచి పోయకుండా ట్రే అడుగు నుంచి తడి పీల్చుకోనివ్వడం, చిన్న ఫ్యాన్ గాలికి కాడలు సన్నగా ఊగేలా చూడటం. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోయాలని ప్రొఫెసర్ ఆమోదించిన విధానపత్రంలో ఉంది. ఆవిడ అది పాటించనంది. ట్రే రెండు చేతులతో ఎత్తి, తేలికైతేనే తడుపుతానంది.

విధానం మార్చాలంటే బాధ్యత తీసుకుంటూ నేను సంతకం చేయాలి. మిగిలినవి ఆఖరి నలభై విత్తనాలు. ఇవీ పోతే ఏమవుతుందో తెలుసా అని ఆవిడను అడిగాను.

"తెలుసు. మీరు సంతకం పెట్టండి. నేను ఆదివారాలు కూడా వస్తాను," అంది.

పెట్టాను. ఆవిడ చర్చికి వెళ్ళే బట్టలతోనే ఆదివారం వచ్చి ట్రేలు ఎత్తి చూసి వెళ్ళేది. నలభైలో ముప్పై నాలుగు మొలిచాయి. రెండు చచ్చిపోయాయి. ముప్పై రెండు నిలబడ్డాయి. వేళ్ళు తెల్లగా, ఒత్తుగా దిగాయి. వాటి విత్తనంతోనే ఆ పరిశోధన తర్వాతి ఆరేళ్ళూ నడిచింది.

కొత్త విధానపత్రం టైపు చేయించినప్పుడు రూపొందించినవారి పేర్ల దగ్గర ఆవిడ పేరు ముందు, నా పేరు తర్వాత రాశాను. టెక్నీషియన్ల పేర్లు అక్కడ వేసే ఆచారం లేదని ప్రొఫెసర్ అన్నారు. వచ్చి ట్రేలు చూడమన్నాను. చూశారు. సంతకం చేశారు. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని చెప్పింది. మళ్ళీ టైపు చేయించాం.

తర్వాత ఇరవై రెండేళ్ళు వేర్వేరు చోట్ల మొక్కల మీదే పనిచేశాను. తెలియని పదార్థాన్ని ఎవరైనా పరీక్షించే వాడతారు. నేను పరీక్షించకుండా వాడింది నాకు బాగా తెలుసనుకున్నదాన్నే. రెండోసారి నాటిన ఆ నలభై అందుకే పోయాయి.