జాబితాలో లేని మిషన్ అక్క

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు పంజాగుట్ట నుంచి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే ఒక దరఖాస్తు కాగితం నా ఒళ్ళో పెట్టింది. ఊరంతా కొట్లున్న ఒక పెద్ద సూపర్ మార్కెట్టులో అది బిల్లింగు కౌంటరు చూస్తుంది. అక్కడివాళ్ళు యూనియన్ పెట్టుకోవాలనుకుంటున్నారట. తమ కొట్టు వరకేనా, అన్ని కొట్లూ కలిపా, ఎవరెవరి పేర్లు రాయాలి అన్నది తేలక, "పెద్దమ్మా, నువ్వు అప్పట్లో యూనియన్‌లో ఉన్నావంట కదా, కాస్త చెప్పు" అంది. ఉన్నమాట నిజమే గానీ, ఈ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అందుకే జరిగింది జరిగినట్టు దానికి చెప్పాను.

పెళ్ళికి ముందు నేను అమీర్‌పేటలో ఒక చీరల షోరూములో పని చేశాను. అదే యజమానికి పంజాగుట్టలో రెడీమేడ్ బట్టల షోరూము ఉండేది. కోస్తా నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో మరో ఇద్దరమ్మాయిలతో గది తీసుకుని, రోజూ నడిచే వెళ్ళేదాన్ని. మీలో ఎవరైనా కౌంటరు వెనక పనిచేసి ఉంటే చెప్పనక్కర్లేదు. షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉండాలి, కొనేవాళ్ళు లేకపోయినా కూర్చోకూడదు, కూర్చుంటే కొట్టు కళ తప్పుతుందని యజమాని గారి నమ్మకం.

మెట్ల కింద చీరలకు ఫాల్స్ కుట్టే ఒకావిడ ఉండేది. ఎర్రగడ్డ నుంచి వచ్చేది, మిషను కూడా ఆవిడదే. అందరం మిషన్ అక్క అనేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నా పక్క కౌంటరులో పనిచేసే ఏడు నెలల గర్భిణి కళ్ళు తిరిగి చీరల మీదే పడిపోతే, అక్క లేచి వచ్చి ఆమెను తన స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆమె కాస్త తేరుకోగానే మేనేజరు వచ్చి స్టూలు తీయించాడు. ఆ సాయంత్రం అక్క మమ్మల్ని కూడగట్టి, అందరం కలిసి అడుగుదామంది. నీకేం, కూర్చుని చేసే పని కదా అని ఎవరో అంటే, "నేను కూసుంట గనకనే చెప్తున్న. పొద్దంతా నా కండ్ల ముంగట మీ కాళ్ళే ఉంటయి" అంది.

అక్క వాళ్ళ బస్తీలో ఫ్యాక్టరీ యూనియన్ నడిపే ఒక పెద్దన్న మాకు యూనియన్ కాగితాలు రాసిపెడితే సంతకాలు పెట్టాం. అడిగింది ఒక్కటే, కౌంటరు వెనక స్టూళ్ళు. లేబర్ ఆఫీసులో ఇరువైపుల వాళ్ళనూ పిలిచారు. స్టూళ్ళ గురించి మాట్లాడతారనుకుని వెళితే, మీరు ఎవరి తరఫున వచ్చారన్న దగ్గరే మాట ఆగిపోయింది. రెండు కొట్లూ ఒకటే వ్యాపారం, కాబట్టి రెండుచోట్ల పనివాళ్ళనూ కలిపి, అందులో సగం మందికి పైగా మా వైపు ఉంటేనే మాట్లాడతామన్నాడు యజమాని గారి వకీలు. పంజాగుట్ట వాళ్ళు భయపడి ఒక్కరూ సంతకం పెట్టలేదు గనక అలా చూస్తే మేం ఓడిపోయినట్టే. దేని లైసెన్సు దానిదే, అమీర్‌పేటను విడిగానే చూడాలన్నాడు పెద్దన్న. వకీలు మాట్లాడితే అదీ నిజమే అనిపించింది, పెద్దన్న మాట్లాడితే ఇదీ నిజమే అనిపించింది. పండగల సీజనులో నెలేసి రోజులు నన్ను పంజాగుట్టకు పంపేవారు కదా, మరి నేను ఏ కొట్టు మనిషిని? పైగా మా కౌంటరు హాజరు పుస్తకం నేనే రాసేదాన్ని కాబట్టి, నేను అజమాయిషీ చేసే మనిషినని, అసలు పనివాళ్ళలోకే రానని అన్నాడు వకీలు. ఆఫీసరు గారు నా వైపు తిరిగి, "ఎవరికైనా నువ్వు సెలవివ్వగలవా అమ్మా?" అని అడిగారు. "లేదండీ, నా సెలవు కూడా మేనేజరు గారే ఇవ్వాలి" అన్నాను. అయితే పనివాళ్ళలోనే రాసుకోండి అన్నారాయన.

రెండోసారి పిలిచినప్పుడు వకీలు కాస్త దిగి, అమీర్‌పేటను విడిగా ఒప్పుకుంటాం, స్టూళ్ళూ వేయిస్తాం, కుట్టుపని వాళ్ళు మాత్రం జాబితాలో ఉండకూడదన్నాడు. వాళ్ళు హాజరు పుస్తకంలో లేరట, కుట్టినంతకే కూలి తీసుకుంటారట. సంతకం పెట్టాల్సిన వాళ్ళలో నేనొకదాన్ని. వరండాలో బెంచీ మీదున్న అక్క దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది. తరవాత, "పెట్టు బిడ్డా. ఆ పిల్లకు నెలలు నిండుతున్నయి. నాది తర్వాత జూద్దం" అంది. లోపలికి వెళ్ళి పెట్టేశాను.

వారం తిరగకుండా స్టూళ్ళు వచ్చాయి. ఆ గర్భిణి మొదట కూర్చుంది, అందరం నవ్వుకున్నాం. నాలుగైదు నెలలకు యజమాని గారు కుట్టుపని బయటివాళ్ళకు ఇచ్చి, అక్కను రావద్దన్నారు. మేం మేనేజరు దగ్గరికి వెళితే, మా సంతకాలున్న కాగితమే తీసి చూపించి, ఆమె మీ జాబితాలో లేదు, ఆమె గురించి మాట్లాడే హక్కు మీకు లేదన్నాడు. కాగితం ప్రకారం అంతేనని పెద్దన్న కూడా తల దించుకున్నాడు. కాగితం సంగతి పక్కన పెట్టి ఆ ఒక్కపూట అందరం పని ఆపి ఉండొచ్చు. ఎవరం ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. అక్క మిషను ఆటోలోకి ఎక్కించుకుంటుంటే ఒక చెయ్యి మాత్రం వేశాను.

కొన్నేళ్ళకు ఎర్రగడ్డ రైతుబజారులో కనబడింది. ఇంట్లో జాకెట్లు కుడుతున్నానంది. నేను తడబడుతూ ఆ సంతకం మాట ఎత్తబోతే, "ఇంకా గదే యాది పెట్టుకున్నవా? టమాటలు మంచిగున్నయి, తీసుకో" అని నా సంచీ పట్టుకుంది. ఆమె నిజంగా మరిచిపోయిందో, నన్ను మరిచిపొమ్మందో నాకు నేటికీ తెలియదు.

ఇప్పుడు ఏ షోరూముకు వెళ్ళినా అందరికీ ఒకే రంగు చొక్కాలు. ఎవరి కింద పని అని అడిగితే ఒకరు ఫలానా ఏజెన్సీ అంటారు, ఇంకొకరు కాంట్రాక్టు అంటారు, పక్కనున్నవాళ్ళ పేరు కూడా కొందరికి తెలియదు. మా రోజుల్లో మాత్రం అంతా సవ్యంగా ఉందా అంటే లేదు. కానీ మధ్యాహ్నం గోడౌనులో నేల మీద గుండ్రంగా కూర్చుని డబ్బాలు విప్పేటప్పుడు, పంజాగుట్ట నుంచి సరుకు తెచ్చినవాళ్ళూ, మిషన్ అక్కా, అమ్మేవాళ్ళమూ ఒకరి గోంగూర పచ్చడి ఒకరు వేసుకునేవాళ్ళం. ఎవరు మనవాళ్ళు అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తోచేది కాదు.