మగ్గాల షెడ్డులో మా బ్యాండు

పాట పాడాలంటే ముందు చెవులుండాలని తెలియని వయసొకటుంటుంది. ఆ వయసులో నేను నేలకు జానెడు పైన తేలుతూ బతికాను. ఇప్పుడంటే నా పాటలు నేనే రాసుకుని, ఒంటరిగానో బ్యాండుతోనో ఊళ్లు తిరుగుతున్నాను గానీ, డిగ్రీలో చేరిన కొత్తలో నాకున్నది ఒక సెకండ్ హ్యాండ్ గిటారు, కోరుట్లలో మా ఇల్లు, సిరిసిల్లలో మేనత్త ఇల్లు. అత్తవాళ్లకు మరమగ్గాల షెడ్డు ఉంది. వేసవి సెలవులంతా అందులోనే మా సాధన. కీబోర్డు మీద మా బావ, డ్రమ్ముల మీద బావ దోస్తు డబ్బా (అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయింది). మగ్గాల మోతలో ఎంత గోల చేసినా ఎవరూ తిట్టరు. ఒకరిది ఒకరికి వినిపించదు కాబట్టి ముగ్గురం అద్భుతంగా ఉన్నామని నమ్మాం. నూలు మోసే కాకా మమ్మల్ని చూసి చేతులూపుతుంటే, మెచ్చుకుంటున్నాడని పొంగిపోయాం. (అడ్డం లేవమనేవాడట.)

సెలవులయ్యాక జగిత్యాలలో మా కాలేజీ ఫంక్షను. తాటిచెట్లెక్కి కల్లు గీసే మా బాపు ఆ రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పాట ఆయన మీదే రాశాను. హాలు నిశ్శబ్దమైంది. మొదలుపెట్టాం. జీవితంలో మొదటిసారి మమ్మల్ని మేం విన్నాం.

"నువ్వు ఏం పాట వాయిస్తున్నవ్?" అన్నాను బావతో, మైకు సంగతి మరిచి.

"మనదే! నువ్వేం పాడుతున్నవ్?"

"ఆగుండ్రి, నాకు ఇంకోటి చెప్పిండ్రు గదా!" అన్నాడు వెనక నుంచి డబ్బా.

హాలంతా ఒకటే నవ్వు. వాళ్లిద్దరూ మెల్లగా స్టేజీ దిగిపోయారు. నేనూ దిగేదాన్నే, కానీ బాపు ఒక్కడు నవ్వడం లేదు. పాట కోసం చూస్తున్నాడు. కళ్లు మూసుకుని ఒక్కదాన్నే ఎత్తుకున్నాను. నాలుగు చరణాల్లో రెండే గుర్తొచ్చాయి, వాటినే మళ్లీ పాడాను. సగం మంది భోజనాలకు లేచిపోయారు. మిగిలిన సగం విన్నారు.

కోరుట్ల బస్సులో, కిటికీ బయట పసుపు చేలు వెనక్కి పోతుంటే, నా పాటలో మాటనే పట్టుకుని బాపు అడిగాడు: "చెట్టెక్కి మబ్బులు ముట్టినోడు, గాయిన నేనేనా?"

"నువ్వే బాపు."

"గంత ఎత్తుకు నేనెప్పుడెక్కిన బిడ్డా!" అని కిటికీ అద్దం మూశాడు. తర్వాత, "మల్లొకసారి పాడు" అన్నాడు.

సిగ్గుపడుతూ సన్నగా అందుకున్నాను. ముందు నుంచి కండక్టరు కేకేశాడు: "జర గట్టిగ పాడమ్మా, ముంగటోళ్లకు ఇనవడ్తలేదు!"

ఇప్పుడు పాట రాస్తే ఒక్క వాక్యాన్ని పదిసార్లు కొట్టేస్తాను. ఇంత అతిశయం అవసరమా, ఎవరైనా నవ్వుతారా అని ఆలోచిస్తాను. అప్పటి ఆ పిల్ల అలా కాదు, వాళ్ల నాన్నను నేరుగా మబ్బుల్లో నిలబెట్టేసింది. ఆమెను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక కొంచెం అసూయ కూడా.