లేని కంబం

పుంగనూరు తైక్వాండో మాస్టరు మునిస్వామి ఏడో తరగతితోనే బడి మానేశాడు. ఎవరైనా ఎదుట కూర్చుంటే మాత్రం ఆ సంగతి వాళ్లకు గుర్తుండనివ్వడు. బెంగళూరులో వాచ్‌మన్ పని చేస్తూ నల్లబెల్టు కట్టడం, ఇరవై ఏడేండ్లలో ఒక్క ఆదివారమూ క్లాసు ఎగ్గొట్టకపోవడం, తన చేతి కింద నూటా పద్నాలుగు మంది తయారవడం, అన్నీ వరసగా వచ్చేస్తాయి. మదనపల్లె కల్యాణ మండపంలో బెల్టు పరీక్ష రోజు కూడా అంతే. పరీక్ష పెట్టడానికి కుప్పం నుంచి వచ్చిన వసుధ చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"నా పిల్లోళ్లు పూమ్సే ఏస్తే టేపు పెట్టి కొలుసుకోవచ్చు మేడమ్. మా అనూషది సూడండి."

అనూషది ఎర్రబెల్టు. నల్లబెల్టుకు ఎనిమిదో పూమ్సే వేయాలి. ఎదుట శత్రువు ఉన్నట్టే తన్నులూ అడ్డుకోవడాలూ ఒక వరసలో వేసి, మొదలెట్టిన చోటికే వచ్చి నిలవాలి. నెలాఖరులోగా ఆ బెల్టు కాగితం చూపిస్తేనే కాలేజీలో ఆటల కోటా సీటు.

పిల్ల తన్నుకు గాలి చీరుకుపోయింది. మునిస్వామి మీసం దువ్వుకున్నాడు. నాలుగో అడుగు దగ్గర అనూష భుజం ముడుచుకుని, కుడికి జరిగి, దేన్నో తప్పుకున్నట్టు మళ్లీ వరసలోకి వచ్చింది. ముగించేసరికి మొదలెట్టిన చోటికి మూరెడు దూరంలో ఉంది.

"ఆ అడుగు యాల పక్కకేస్తివమ్మా?" అంది వసుధ.

"ఆడ కంబముంటాది మేడమ్." అనేసి నాలుక కరుచుకుంది అనూష.

మండపం గొల్లుమంది. "యాడుండాది మే కంబం? మాకు కనపళ్లేదే!" అని వెనక నుంచి పరీక్షకు వచ్చిన పలమనేరు పిల్లలు.

మునిస్వామి నవ్వలేదు. ఆయన క్లాసు నడిచేది పాత పట్టుగూళ్ల షెడ్డులో. దాని నడిమధ్యలో రాతికంబం. ఇన్నేండ్లూ పరీక్షలు కూడా అక్కడే జరిగేవి, బయట పెట్టడం ఇదే మొదలు. ఆ కంబాన్ని తప్పుకునే అడుగు పూమ్సేలో ఎప్పుడు కలిసిపోయిందో ఆయనకే తెలియదు.

అనూష మళ్లీ వేసింది. మళ్లీ అదే భుజం. "కాలే పోతాండాది సార్," అంది, కళ్లనిండా నీళ్లతో.

"ఇంకొక్క తూరి ఇస్తాను. ముందు మీరు తిన్నగా ఏసి సూపించండి సార్, పాపకు తెలుస్తాది," అంది వసుధ.

ఆయన బెల్టు బిగించి దిగాడు. ఎదుట ఖాళీ నేల. మూడు అడుగులు సరిగ్గా పడ్డాయి. కంబం లేదు, కంబం లేదు అనుకుంటూనే నాలుగోది వేశాడు. భుజం ముడుచుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అనూష మూడోసారి వేసినా అంతే అయింది.

"ఆరు నెల్లకు రాండి సార్," అంది వసుధ, తల ఎత్తకుండా రాసుకుంటూ.

తిరుగు బస్సులో మునిస్వామి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చివరికి అనూషే ఓదార్చబోయింది.

"బాధపడాకండి సార్. నూటా పద్నాలుగు మందిని తయారు జేసినారు మీరు."

వాళ్లలో బైరెడ్డిపల్లెలో ఒకడు, గంగవరంలో ఇద్దరు, కుప్పంలో ముగ్గురు సొంత క్లాసులే పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర ఎంతమంది పిల్లలున్నారో ఆయనకు లెక్క తెలియదు.

"ఆ మాట అనాకమ్మా," అన్నాడు.