తుడిచిన మొహాలకు నాలుగు మార్కులు

పదికి నాలుగు ఇచ్చాను. అంతకన్నా అర మార్కు కూడా ఎక్కువ ఇవ్వనన్నాను. మా తమ్ముడు రిమోటు పక్కన పడేసి, నేనేదో వాళ్ళింటి పునాది తవ్వుతున్నట్టు చూశాడు. చూడనీ. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు మనుషుల మొహాల మీద పెన్సిలు నడిపినదాన్ని నేను. తెర మీద ఒక మొహాన్ని ఎవరైనా తుడిస్తే, ఆ తుడిచిన చెయ్యి నాకు కనిపిస్తుంది.

గొడవంతా ఒక పాత అమెరికా గుర్రాల సినిమా గురించి. నలుపు తెలుపు. ఎండిపోయిన ఏటి పక్కన పూటకూళ్ళ ఇల్లు నడుపుకునే ఒకావిడ, ఆమె దగ్గర తలదాచుకోవడానికి వచ్చిన ఒక ముసలి తుపాకీవాడు, వాడి కోసం దుమ్ము లేపుకుంటూ వచ్చే నలుగురు. కథ అంతే. మా తమ్ముడికి ఇలాంటి సినిమాలంటే ప్రాణం. చిన్నప్పుడు ఆదివారం పొద్దుటాటకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందాన్ని నేనే కాబట్టి ఆ తప్పు నాదే. ఇప్పుడు వాడు డిస్కులు కొని దాచుకుంటాడు. వాడిలాంటి పిచ్చివాళ్ళంతా ఫోన్లో ఒక గుంపు కట్టారు. కొత్త డిస్కు ఏది వచ్చినా బొమ్మ ఎలా ఉంది, శబ్దం ఎలా ఉంది అని పదికి మార్కులు వేసి అందులో రాస్తాడు. వాడు బాగుందంటే కొనేవాళ్ళు, బాగాలేదంటే మానేసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

నలుపు తెలుపు సినిమా అయితే మాత్రం నన్ను అడక్కుండా రాయడు. అందుకని అప్పుడప్పుడు ఆదివారం నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, ఆటోలో వనస్థలిపురం పోతాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మరదలు కిటికీలకు దుప్పట్లు కడుతుంది. ఇక బొమ్మ మొదలు.

అది బాగా వచ్చిందో లేదో తేల్చడానికి నాకు కథ అక్కర్లేదు. ముసలివాడి నల్ల టోపీలో మడత కనిపిస్తోందా, ఆవిడ తెల్ల రవిక మీద కుట్టు కనిపిస్తోందా, అది చూస్తాను. రెండూ ఒకే బొమ్మలో కనిపించాయంటే డిస్కు చేసినవాడికి పని వచ్చు. ఆ తర్వాత మొహాలు. ఫిల్ము మీద తీసిన ఏ బొమ్మలోనైనా సన్నటి రవ్వలాంటిది ఉంటుంది. గ్రెయిన్ అంటారు. మొహం మీది గీతలు, గుంటలు, చెమట అన్నీ ఆ రవ్వలోనే ఉంటాయి. రవ్వ చూడటానికి బాగాలేదని కంప్యూటర్లో జల్లెడ పడితే దాంతోపాటు మొహం కూడా పోతుంది.

ఈ కొత్త డిస్కులో నలుపు అద్భుతంగా ఉంది. ఆ మాట ముందు నేనే ఒప్పుకున్నాను. టోపీ మడత ఉంది, రవిక కుట్టు ఉంది, ఏటి ఇసుకలో గుర్రపు డెక్కల నీడ కూడా ఉంది. అంతలో ఆ పూటకూళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. యాభై ఏళ్ళ మనిషి, ఎండలో కట్టెలు కొట్టుకుని బతికే మనిషి. మొహం చూస్తే అరిగిన సబ్బు బిళ్ళ. నాకు ఒళ్ళు మండింది.

ముందు టీవీనే అనుమానించాను. ఈ కాలం టీవీలు అడక్కుండానే మొహాలకు పౌడరు పూస్తాయి. తమ్ముడి చేత సెట్టింగులన్నీ ఒక్కొక్కటే ఆఫ్ చేయించాను. తేడా లేదు. పాత డిస్కు తీయించి పెట్టించాను. దాంట్లో గీతలు పడ్డాయి, నలుపు బూడిదైపోయింది, బొమ్మ అంచులు వణుకుతున్నాయి. కానీ అదే చోట ఆపితే ఆవిడ కళ్ళ కింద సంచులున్నాయి, పై పెదవి మీద చెమట ఉంది, నుదుటి మీద ఎండకు పొక్కిన తోలు ఉంది. రెండు డిస్కులూ మార్చి మార్చి నాలుగుసార్లు చూపించాను.

“నాల్గేందక్కా! అందరు తొమ్మిది, తొమ్మిదిన్నర ఇస్తున్రు. నేను నాలుగు రాస్తే నవ్వుతరు,” అన్నాడు తమ్ముడు.

“నవ్వనీ. ఆళ్ళ కండ్లు ఆళ్ళయి, నా కండ్లు నాయి.”

“గిసొంటి నలుపు ఎన్నడన్న చూసినమా మనం?”

“చూడలే. గందుకే నాలుగిచ్చిన. నలుపు గూడ బాగలేకుంటే సున్న ఇస్తుంటి.”

మా మరదలి పుట్టినిల్లు కృష్ణా జిల్లా. పాతికేళ్ళుగా మా మధ్యే ఉన్నా ఆమె మాట ఆమెదే. “ఆవిడ మొహం శుభ్రంగా ఉంటే తప్పేంటి వదినగారూ? పాత దాంట్లో మరీ నలిగిపోయినట్టుంది పాపం,” అంది.

“నలిగిన మనిషే పిల్లా ఆమె. నలిగినట్లనే కనపడాలె.”

తమ్ముడికి అప్పుడు ఎక్కడో కాలింది. “నువ్వు జేసిన పనేంది మరి? ముప్పై ఏండ్లు నువ్వు గూడ మొఖాలు సాఫ్ జేసినవ్ గద? నువ్వు జేస్తే పనితనం, ఆళ్ళు జేస్తే తప్పా?” అని గోడ వైపు చెయ్యి చూపించాడు. “గా అమ్మ ఫోటో చూడు. ఒక్క మచ్చ ఉందా? ఎంత చల్లగుంది మొఖం! సాఫ్‌గ ఉన్న మొఖం అబద్ధమైతదా?”

నేను ఆ ఫోటో వైపు చూడకుండా రెండు డిస్కులూ వాటి పెట్టెల్లో పెట్టేశాను. వాదన మధ్యలో వదిలేయడం నా పద్ధతి కాదని నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర ఒక మేడ మీద ఉండేది మా స్టూడియో. నేను ఫోటోలు తీసేదాన్ని కాదు. నెగెటివ్ మీద పని చేసేదాన్ని. వెనక నుంచి వెలుగు వచ్చే బల్ల మీద నెగెటివ్ పెట్టి, పెన్సిలు పట్టేలా దాని మీద కొంచెం జిగురు మందు పూసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహాన్ని సరిచేయాలి. మొహం మీద నల్లగా ఉన్న మచ్చ నెగెటివ్‌లో తెల్లటి చుక్కలా ఉంటుంది. ఆ చుక్కను పెన్సిలుతో నింపితే కాగితం మీద మచ్చ మాయం. పెళ్ళిచూపులకు పంపే ఫోటోలు, ఉద్యోగాల ఫోటోలు, దండ వేసే ఫోటోలు అన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. స్టూడియో సారు మొదటి రోజే ఒక మాట చెప్పాడు. మొటిమ తీసెయ్, ముడత తగ్గించు, పుట్టుమచ్చ జోలికి మాత్రం పోకు, అది మనిషి గుర్తు అన్నాడు. ఆ హద్దు నేను దాటలేదు. ఒక్కసారి తప్ప.

మా అమ్మకు నల్గొండ పల్లెలో ఉన్నప్పుడే, చిన్నతనంలో, అమ్మవారు పోసింది. మొహమంతా స్ఫోటకం గుంటలు. నుదుటి నుంచి గడ్డం దాకా వేలు పెట్టడానికి చోటు లేదు. బడికి అన్నం తెచ్చినప్పుడు నా తోటి పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. నాకు నామోషీగా ఉండేది. గేటు దగ్గరే డబ్బా లాక్కుని లోపలికి పరుగెత్తేదాన్ని. నాకు పదహారేళ్ళప్పుడు అమ్మ పోయింది. తమ్ముడికి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

రెండేళ్ళ తర్వాత స్టూడియోలో చేరాను. పాత నెగెటివ్‌ల పెట్టె సర్దుతుంటే ఒకదాంట్లో అమ్మ దొరికింది. నాన్న ఏదో కాగితాల కోసం అక్కడే తీయించాడట. అమ్మకు ఉన్న ఫోటో అదొక్కటే. గోడకు పెద్దది చేయించాలనుకున్నాం. కొత్తగా పని నేర్చిన పొగరు నాకు. మూడు రోజులు కూర్చుని ఒక్క గుంట మిగలకుండా నింపేశాను. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. నాన్న మాత్రం ఒకసారి చూసి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ ఫోటోనే తమ్ముడికి అమ్మ. వాడికి వేరే అమ్మ గుర్తు లేదు. చనిపోయిన మనిషి మచ్చల గురించి వాడి ముందు ఎవరూ మాట్లాడలేదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, మిగిలింది నేను. నాలుగు మార్కుల మీద నిలబడాలంటే, వాడు అడిగినదానికి జవాబుగా, వాడి అమ్మ మొహం నేను చేసిందని చెప్పాలి. చెప్పకపోతే తొమ్మిదికి ఒప్పుకుని నోరు మూసుకోవాలి. ఆ రోజు ఏ సంగతీ తేల్చకుండా ఇంటికి వచ్చేశాను. భయమేసింది. వాడు నన్ను క్షమించడేమోనని కాదు, వాడికున్న ఒక్క అమ్మనూ లాగేసుకుంటానేమోనని.

వారం రోజులు నాతో నేనే కొట్లాడాను. ఎవరో ముక్కూ మొహం తెలియని నటి గీతలు తుడిచారని తమ్ముడింట్లో కూర్చుని అంత రంకెలు వేశానే, మా అమ్మవి తుడిచిన దాని సంగతేమిటి? తెలిసి కూడా తొమ్మిది ఇవ్వడం నా వల్ల కాదు. స్టూడియో మూసేసినప్పుడు తెచ్చుకున్న ఆ నెగెటివ్ నా దగ్గరే ఒక స్టీలు డబ్బాలో ఉంది. తర్వాతి ఆదివారం డబ్బా, దూది, చిన్న సీసాలో టర్పెంటైన్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

కూర్చోబెట్టి చెప్పాను. ఉన్నదున్నట్టు, నామోషీతో సహా.

వాడు గోడ మీది ఫోటో వైపు చూశాడు. తర్వాత ఒక్కసారిగా లేచాడు. “అంటే గిన్నేండ్లు నేను దండం పెట్టింది నీ పెన్సిల్‌కా? ఎందుకు చెప్పలే అక్కా?”

“సిగ్గు. అప్పుడు అమ్మ మచ్చలకు సిగ్గుపడ్డ. తర్వాత సిగ్గుపడ్డందుకు సిగ్గుపడ్డ. గిప్పుడు చాలు.”

నెగెటివ్ తీశాను. జిగురు మందు మీద గీసిన పెన్సిలు టర్పెంటైన్‌తో తుడిస్తే పోతుంది. కానీ ఇంత పాత ఫిల్ము. తడి తగిలి పొర లేచిందంటే కింద ఉన్న అసలు మొహం కూడా ఎప్పటికీ దొరకదు. ఆ సంగతీ దాచకుండా చెప్పాను.

“వద్దక్కా. ఉన్నదాన్ని ఉన్నట్టుండనీ,” అన్నాడు. “నాకు గా మొఖం చాలు.”

“నాకు చాలదు. అది నేను జేసిన మొఖం. అమ్మది గీ పెన్సిల్ కింద ఉంది.”

వాడు నా చెయ్యి పట్టుకోబోయాడు. మరదలు వాడి భుజం మీద చెయ్యి వేసి, “వదినగారికి పని వచ్చు. చెయ్యనివ్వండి,” అంది. ఆ పిల్ల మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

కిటికీ దుప్పటి తీయించి వెలుతురులో కూర్చున్నాను. గడ్డం దగ్గర మొదలుపెట్టి, దూది ఆనీ ఆనకుండా తిప్పుకుంటూ పైకి వచ్చాను. దూది బూడిద రంగుకు తిరిగింది. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను మూడు రోజులు పడిన కష్టమంతా ఒక నలుసంత దూదికి అంటింది. పొర లేవలేదు.

తమ్ముడు ఫోన్లో రంగులు తిరగేసే సెట్టింగు పెట్టి, వెలుతురుకు నేను ఎత్తి పట్టుకున్న నెగెటివ్‌ను ఫోటో తీశాడు. నెగెటివ్‌లోని నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. అమ్మ వచ్చింది. నుదుటి మీద, బుగ్గల మీద, ముక్కు కొస దాకా గుంటలే. కళ్ళు కూడా వేరుగా అనిపించాయి, వాటి చుట్టూ ఉన్న చర్మం తిరిగి వచ్చింది కదా. యాభై ఏళ్ళ తర్వాత చూస్తున్నాను. ఏడ్చాను, అది కూడా దాచను.

వాడు ఏడవలేదు. ఫోనును దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. చివరికి, “ఈమె నాకు ఎర్కలేదక్కా,” అన్నాడు.

వాడు అంటాడేమోనని నేను భయపడిన మాట అదే. అయినా వెనక్కి తగ్గలేదు.

“ఎర్క జేస్కో. మీ అమ్మ,” అన్నాను. వాడి కుడి చెయ్యి లాక్కుని, అమ్మ ఎడమ బుగ్గ మీద అన్నిటికన్నా లోతుగా ఉన్న గుంట మీద వాడి చిటికెన వేలు పెట్టాను. “పాలు తాగేటప్పుడు నీ వేలు గిండ్లనే ఉండేది. తీస్తే ఏడ్చేటోనివి. నిద్రపొయ్యేదాంక అమ్మ కదలకుండ కూసునేది.”

వాడి వేలు ఫోను గాజు మీద అలాగే ఉండిపోయింది. మరదలు టీ తెచ్చి పెట్టి, ఎవరూ తాగకపోతే తీసుకుపోయింది. చాలాసేపటికి వాడు తల ఎత్తకుండానే, “తియ్యనక్కా, జరసేపు,” అన్నాడు.