నేను పెట్టిన ఇంటూ మార్కు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, చిక్కడపల్లిలో మా పక్కింటి అక్క సాయంత్రాలు మాకు ఇంగ్లీషు చెప్పేది. పగలంతా అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్, సాయంత్రం మేము. నేను నారాయణగూడలో ఇంగ్లీషు మీడియం చదివేదాన్ని, ఆ పొగరు నాకు ఇంతా అంతా కాదు. మాతోపాటు సర్కారు బడిలో చదివే ఒక పిల్ల వచ్చేది. వాళ్ల నాన్న పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ.

ఒక వారం టీమ్, కమిటీ లాంటి మాటలు నేర్చుకున్నాం. అందరూ ఒక్కటిగా ఉంటే 'ఈజ్', తమలో తాము వాదులాడుకుంటే 'ఆర్' అని అక్క చెప్పింది. శనివారం పరీక్ష పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు రెసిడెన్షియల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఫారం ఇస్తానంది. ఉన్నది ఒకటే ఫారం. ఆ పిల్లకు అది చదువు, నాకు ఉత్త గొప్ప.

అక్కకు పని ఉండి, జవాబుల కాగితం నా చేతికిచ్చి మిగతావాళ్ల పుస్తకాలు దిద్దమంది. నాది తను చూసుకుంటానంది. కమిటీ వాదులాడుకునే వాక్యానికి నేను 'ఈజ్' రాశాను, ఆ పిల్ల 'ఆర్' రాసింది. ఆమెదే రైటు. తెలిసే ఇంటూ పెట్టాను. ఇద్దరం సమానమైతే, ఇంగ్లీషు మీడియం దాన్ని కాబట్టి ఫారం నాకే వస్తుందనుకున్నాను.

పుస్తకం తీసుకుని ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"ఇది ఎట్ల తప్పైంది? జర చెప్పవా, మళ్ల గట్ల రాయ."

కమిటీ ఒక్కటే కాబట్టి ఎప్పుడూ 'ఈజ్' అని చెప్పాను. గుండ్రటి అక్షరాలతో దాన్ని పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు అక్క పుస్తకాలన్నీ మళ్లీ చూసింది. నాకు చాక్‌పీస్ ఇచ్చి, ఆ పాఠం అందరికీ నన్నే చెప్పమంది. అక్క ముందు అబద్ధం నోట రాలేదు. బోర్డు మీద 'ఆర్' అని రాశాను. ఆ పిల్ల బోర్డును చూసింది, తన పుస్తకాన్ని చూసింది. నన్ను ఒక్క మాటా అడగకుండా నిన్నటిది రబ్బరుతో చెరిపి, కొత్తది రాసుకుంది. నాకు ఏడుపొచ్చింది. తప్పు ఆమెది కాదని, నేనే కావాలని ఇంటూ పెట్టానని అందరి ముందూ చెప్పేశాను.

తర్వాత అక్క నన్ను పక్కకు పిలిచింది. "నిన్ను కొడితే నీకు బుద్ధొస్తుండె గని, ఆమె రాసుకున్న తప్పు గట్లనే ఉంటుండె. అందుకే నీతోనే చెప్పించిన."

ఫారం ఆ పిల్లకే వెళ్లింది.

ఇప్పుడు నేనూ టీచర్నే. దిద్దిన ప్రతి పుస్తకాన్నీ ఇంకోసారి చూడనిదే ఇవ్వలేను. ఆ పిల్ల ఆ రోజు కోపంగా చూసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. నా అబద్ధాన్ని ఎంత నమ్మకంగా రాసుకుందో, నిజాన్నీ అంతే నమ్మకంగా రాసుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల దించుకుంటాను.