హోసియా పెట్టెకు పట్టిన జీర

షికాగో నలభై ఏడో వీధిలో నా బ్యూటీ పార్లర్ పైవాటాలో హోసియా టర్న్‌బో, అతని భార్య ఒడెస్సా కాపురముండేవాళ్లు. ఇద్దరూ మిసిసిపీలో గ్రీన్‌వుడ్ దగ్గరి పత్తి చేల నుంచి వచ్చినవాళ్లే. హోసియా వారమంతా ఉక్కు కొలిమి దగ్గర పనిచేసేవాడు. వారాంతంలో బార్లలో గిటార్ వాయించేవాడు. ఊళ్లో అయితే అరుగు మీద కూర్చుని వాయిస్తే నలుగురికీ వినపడేది. ఇక్కడ బార్లో తాగినవాళ్ల కేకలు, నెత్తిమీద వంతెన పట్టాల మీద పోయే రైలు. చప్పుడు పెంచే యాంప్లిఫయర్ పెట్టె లేకపోతే గిటార్ పట్టుకున్నవాడు చేతులు ఆడించే మూగవాడే. అందుకని వాళ్లింట్లోకి మంచం కంటే ముందు ఆ పెట్టె వచ్చింది. గోధుమరంగు గుడ్డ తొడిగిన చిన్న పెట్టె. వెనక గాజు ట్యూబులు ఎర్రగా వెలిగేవి. చలికాలంలో ఒడెస్సా వాటి దగ్గర చేతులు కాచుకునేది.

"మా ఆయన దానికి దుప్పటి కప్పి పడుకోబెడతాడు, వెర్నెల్. నాకు మాత్రం చలేస్తోందా అని అడగడు," అని నా కుర్చీలో కూర్చుని నవ్వేది.

మిగతా వాయిద్యగాళ్లు మీట చివరిదాకా తిప్పి పెట్టెను గాండ్రించనిచ్చేవాళ్లు. హోసియాకి అది గిట్టేది కాదు. గిటార్ మాట్లాడాలి గానీ అరవకూడదు అనేవాడు. అతని స్వరం ఒక్కొక్కటీ కడిగిన గాజుగ్లాసులా ఉండేది. బాగుందనేవాళ్లు, మళ్లీ తమ కబుర్లలో పడేవాళ్లు.

యాభై మూడులో, పత్తి తీసే రోజుల్లో, ఒడెస్సా తల్లి పోయిందని టెలిగ్రామ్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఖననం. శనివారం సాయంత్రం రైలుకు పోతానంది ఒడెస్సా. హోసియా వద్దన్నాడు. దక్షిణానికి దిగాక మన నల్లవాళ్లను విడిగా తోసే ఆ రైలుపెట్టెలో ఒంటరిగా ఎందుకు, తమ్ముడి కారు అడిగి తెస్తాను, ఇద్దరం కలిసి పోదాం అన్నాడు. కాకపోతే శనివారం పగలు పక్క ఊరు గారీలో ఒక బార్లో వాయించాల్సి ఉంది. వినడానికి రికార్డు కంపెనీ మనిషి వస్తున్నాడు. సాయంత్రానికి వచ్చేస్తానని మాటిచ్చాడు.

శనివారం సాయంత్రం ఒడెస్సా నల్ల టోపీ పెట్టుకుని, దారికి వేయించిన కోడిముక్కలు చెప్పుల అట్టపెట్టెలో సర్దుకుని, నా పార్లర్లో కూర్చుంది. రైలు వేళ అయింది, దాటిపోయింది. ఆమె కిటికీ వైపే చూస్తూ ఉంది. రాత్రి మా ఇంట్లోకి వచ్చి పడుకోమంటే రానంది.

హోసియా ఆదివారం పొద్దున వచ్చాడు. కంపెనీ మనిషి ఆలస్యంగా వచ్చి, విన్నదే మళ్లీ మళ్లీ వాయించమన్నాడట. మొహం వెలిగిపోతోంది. "ఒడెస్సా, రికార్డు చేస్తారంట. బుధవారమే రమ్మన్నారు," అన్నాడు. అప్పుడుగానీ అతని చూపు ఆమె టోపీ మీద పడలేదు.

పెట్టె మోసుకుని అతను పైకి వెళ్తుంటే ఆమె వెనకే వెళ్లింది. ఆమె సూట్‌కేసు అందుకుని నేనూ వెళ్లాను. అతను పెట్టెను మూలన దించాడు. ఒడెస్సా టోపీలోంచి పొడుగాటి పిన్ను తీసింది. వంగి, పెట్టె వెనక నుంచి చెయ్యి పెట్టి, చప్పుడు పలికించే స్పీకర్ కాగితాన్ని పైనుంచి కిందికి చీరేసింది. నిదానంగా, పిండి సంచీ కుట్టు విప్పినట్టు. హోసియా గుమ్మంలో నిలబడి చూశాడు. అడ్డుపడలేదు.

"ఈపాటికి మా అమ్మని చర్చికి తీసుకెళ్తుంటారు," అంది ఆమె. పిన్ను మళ్లీ టోపీకి గుచ్చుకుంది.

బుధవారంలోగా కొత్త స్పీకర్ దొరకలేదు. మాక్స్‌వెల్ వీధి రిపేరు షాపతను వారం పడుతుందన్నాడు. చీరిన పెట్టెతోనే హోసియా రికార్డింగుకి వెళ్లాడు, వెనక్కి పంపేస్తారనే అనుకుంటూ. మొదటి తీగ మీటగానే పెట్టె గొంతు జీరపోయింది. స్వరం చివర ఏదో కొట్టుకుంటున్నట్టు, ఎవరో ఏడుపు మింగుకుంటున్నట్టు వినపడింది. క్షమించమని అడగబోయాడు. అద్దం వెనక కూర్చుని రికార్డు చేస్తున్న మనిషి లేచి వచ్చి, "దాన్ని ముట్టుకోకు. అలాగే వాయించు," అన్నాడట.

క్రిస్మస్‌కల్లా మా వీధిలో డబ్బులేస్తే పాట వేసే ఏ జూక్‌బాక్స్‌లో చూసినా ఆ బ్లూస్ పాటే. రైలు తప్పిపోయిన ఒక ఆడమనిషి పాట, ఆ మూడు రోజుల్లో హోసియా కట్టింది. కబుర్లాడే బార్లు ఆ జీర వినగానే సద్దుమణిగేవి.

ఒకరోజు ఒడెస్సా జుట్టు నేను వేడి దువ్వెనతో దువ్వుతుంటే పక్క బార్లోంచి అది వినపడింది. ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పాట అయ్యేదాకా మెడ తిప్పలేదు.

"ఆ ఏడుపు నాది, వెర్నెల్. దాన్ని ఊరంతటికీ పంచిపెట్టాడు," అంది.

నేను హోసియాని మెట్ల దగ్గర ఆపి, ఆమెను క్షమాపణ అడిగావా అన్నాను. పాటలో చెప్పాను కదా అన్నాడు.

"పాట ఊరికి చెప్పావు నాయనా. ఆమెకి ఏం చెప్పావు?"

కొలిమి ముందు జంకని ఆ మనిషి మాటకు బదులు పని చేశాడు. పెట్టెను తీసుకెళ్లి కొత్త స్పీకర్ వేయించాడు. తెచ్చి వంటింట్లో పెట్టి, అత్తగారికి ఇష్టమైన చర్చి పాట వాయించాడు. మునుపటిలా తేటగా. ఒడెస్సా గిన్నెలు తుడుస్తూ చివరిదాకా విన్నది.

"బాగుంది. దాని నోరు కూడా మూయించావు," అంది.

రెండో రికార్డుకి పిలిచినప్పుడు కంపెనీవాళ్లు పాత జీర ఏదన్నారు. హోసియా బ్లేడుతో కొత్త కాగితాన్ని కోశాడు. అది గాలివానలో రేకుల కప్పులా గడగడలాడింది. ఇంకా కోశాడు. ఆ గొంతు మళ్లీ రాలేదు. ఆ రికార్డును ఎవరూ వినలేదు. కంపెనీ మళ్లీ పిలవలేదు.

మరుసటి ఎండాకాలం తల్లి సమాధి చూడాలంది ఒడెస్సా. ఈసారి తనే కారులో తీసుకెళ్లాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు. ఒడెస్సా తన చెల్లెలి దగ్గర కొన్నాళ్లు ఉంటానందట. కొన్నాళ్లు కాస్తా ఏళ్లయ్యాయి. రమ్మని ఎందుకు అడగవు అని ఒకసారి అన్నాను.

"అడిగితే వస్తుందేమోనని భయం మిస్ వెర్నెల్. వచ్చాక ఏం మాట్లాడాలో తెలీదు," అన్నాడు.

తర్వాత్తర్వాత సముద్రాల అవతలి నుంచి తెల్ల కుర్రాళ్లు ఆ పాత రికార్డు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఆ జీర ఎలా వచ్చిందని అడిగేవాళ్లు. ఏ ట్యూబులు, ఏ మీట ఎక్కడిదాకా తిప్పాడు అని. హోసియా ఓపిగ్గా ట్యూబుల పేర్లు చెప్పేవాడు. కాఫీ ఇచ్చి పంపేవాడు. అబద్ధమేమీ చెప్పలేదు, వాళ్లు అడిగిందే చెప్పానని నాతో అనేవాడు. వాళ్లు వచ్చిపోయిన రోజు మాత్రం అన్నం ముట్టేవాడు కాదు.

ఒడెస్సా గుండె ఆగి పోయిందని కబురొస్తే ఇద్దరం రైల్లో వెళ్లాం. ఖననానికి ముందురోజే చేరాం. చర్చిలో ఒక పాట వాయించమని పాస్టరు అడిగాడు. గిటార్ తేలేదన్నాడు హోసియా. శవపేటిక మూత వేయబోతుండగా లేచి దగ్గరికి వెళ్లాడు.

"ఆ శనివారం నేను రావాల్సింది ఒడెస్సా. తప్పు నాదే," అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. చర్చిలో అందరం విన్నాం.

ఒడెస్సా చెల్లెలు అతని మోచెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. "ఇన్నేళ్లూ ఫోను మోగితే అక్కే ముందు పరిగెత్తేది బావా," అంది.

హోసియా ఆ తర్వాత ఆరేడేళ్లు బతికాడు. పెట్టెను మా చర్చికి ఇచ్చేశాడు. ఆదివారాల్లో దానికి మైకు తగిలించి, ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో పెళ్లి అని చదివేవాళ్లు. అతను వెనక వరసలో కూర్చుని వినేవాడు.