దొర దుంకించిన మత్తడి

మాది పాలమూరు దిక్కున చెరువు ఒడ్డు ఊరు. చూడవచ్చిన వాళ్లకు మా ఊళ్లో రెండే చూపించేవాళ్లు: గుట్ట మీద ఖిల్లా, గుట్ట కింద మత్తడి. ఖిల్లాలో కోతులూ, పగిలిన ఫిరంగీ, నీళ్లు లేని కోనేరూ ఉండేవి. మత్తడి అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లే రాతికట్ట. ఏడాదికి వారం రోజులు అట్లా పొర్లి దుంకితే గొప్ప. మిగతా రోజుల్లో దాని మీద బట్టలు ఆరేసుకునేవాళ్లం.

మా బాపు నీరడి. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో చూడడం ఆయన పని. ఆ ఏడు మత్తడి దుంకితే మేకపోతును ఇస్తానని అమ్మ కట్టమైసమ్మకు మొక్కుకుంది. మాకున్నది ఒక్కటే మేకపోతు. దాన్ని పాలు మరవక ముందు నుంచీ సాకింది నేను. వానలు అంతంతమాత్రమై, నీళ్లు మత్తడికి జానెడు కింద ఆగిపోయాయి. ఊరంతా దిగులుపడింది. నేను మాత్రం సంతోషపడ్డాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అప్పుడే పట్నం నుంచి ఒక పెద్ద సాబు ఖిల్లా చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. మా ఊరి దొర బాపును తన గడీకి పిలిపించాడు.

"సాబొచ్చేటాళ్లకు మత్తడి దుంకాలెరా."

"నీళ్లు జానెడు తక్కువున్నయి దొరా."

"తూము బంద్ చెయ్యి. వాగు పారుతనే ఉన్నది గద, అదే నిండుతది."

"కింద వరి పొట్టకొచ్చింది దొరా."

"వరిని జర ఆగుమను."

దొరకు చెప్పడమంటే దున్నపోతు మీద వాన కురిసినట్టే. బాపు ఆ కబురు వరికి చెప్పలేదు గానీ, తూము మాత్రం మూశాడు.

తొమ్మిదో రోజు పొద్దున మత్తడి దుంకింది. దుంకిందంటే, రాళ్ల మీది నుంచి గోచీ అంత వెడల్పున ఒక పాయ జారింది. అమ్మ మేకపోతు నుదుటికి పసుపు రాసింది.

"గిది వానకు దుంకిందా? దొర దుంకిచ్చిండు. మొక్కు దొరనే తీర్సుకోమను" అన్నాను.

"మత్తడి దుంకితే ఇస్తనన్న. ఎవలు దుంకియ్యాల్నో చెప్పలే. మైసమ్మతోటి పంచాయితీ పెట్టుకుంటమా?" అంది అమ్మ.

కట్ట మీద మైసమ్మ రాయి ముందు బాపు దాన్ని కోశాడు. నేను గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చాను. నెత్తురు ఆరకముందే గడీ జవాను వచ్చి, సాబు దావత్‌కు మాంసం కావాలన్నాడు. మొక్కు మాంసం ఊరికి పంచాలని బాపు అనబోతే, "దొర ఊరోడు కాదా?" అన్నాడు. తలకాయ మైసమ్మకు వదిలి మిగతాది మోసుకుపోయాడు.

సాబును మంచం మీద కూర్చోబెట్టి నలుగురు ఖిల్లాకు మోశారు. అందులో బాపు ఒకడు. సాబు కోతులను చూసి నవ్వాడు. దిగేసరికి ఆయనకు ఆకలైంది. దొర చెయ్యి చాపి మత్తడిని చూపిస్తుంటే, సాబు అటు వీపు పెట్టి, జవాను చెంబులో తెచ్చిన నీళ్లతో చేతులు కడుక్కున్నాడు. దావత్ తిని, ఓ కునుకు తీసి, మోటారెక్కి వెళ్లిపోయాడు. బాపు తూము తెరిచాడు. ఆ పంట సగం తాలే అయింది. ఆ సాబు మీద నాకు ఇప్పటికీ కోపమే, మొహం మాత్రం గుర్తు లేదు.

మరుసటేడు వానకే మత్తడి దుంకింది. ఊరంతా మేకలతో కట్ట మీదికి చేరింది. అమ్మ ఒక్క కొబ్బరికాయ పట్టుకుని వెళ్లింది.

"గంతేనా వదినా?" అంది పక్కింటామె.

అమ్మ కాయ కొట్టి, రాయి ముందు నిలబడి మైసమ్మతోనే అంది:

"నిరుడు నీకు తలకాయ ముట్టింది. కడమది గడీల తిన్నరు. అడిగితే ఆడ అడుగు."